అరచేతిలో పట్టే కెమిస్ట్రీ

నిన్న పొద్దున్న పక్కవాటా ఆవిడ వచ్చి, మా టీవీ కాస్త తగ్గించమని అడిగింది. కూతురు ఇంజనీరింగ్ ఎంట్రన్సుకి చదువుతోందట. "మా పాప గదిలో ఉన్నాదో లేదో కూడా తెలీదండీ, అంత బుద్ధిగా సదువుతన్నాది" అని మురిసిపోయింది. ఆ మాట వినగానే లేచి టీవీ కట్టేసి, ఆ పాపను రోజూ ఓసారి మా ఇంటికి పంపమన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసి వెళ్లిపోయింది.

మా అక్క కూతురు కూడా ఆ పరీక్ష కోసమే విజయనగరంలో మా ఇంట్లో ఉండి కోచింగుకి వెళ్లేది. వచ్చిన కొత్తలో నోరు మూస్తే ఒట్టు. మా అత్తగారు ఇత్తడి బిందె తోముతుంటే పక్కన గొంతుక్కూర్చుని, చింతపండులోని ఆమ్లం చిలుమును ఎలా కరిగిస్తుందో పాఠం చెప్పేది. "నువ్వు పుట్టకముందు నుంచీ తోముతన్నాను, నాకు సెప్పొచ్చావేటే!" అని ఆవిడ నవ్వుతూ కసిరేవారు. కోచింగులో కెమిస్ట్రీ మాస్టారు ఓ పద్ధతి పెట్టారు. పాఠాన్ని నోట్సుగా రాయాలి, ఆ నోట్సును సగానికి కుదించాలి, దాన్ని మళ్లీ సగానికి. చివరికి పాఠమంతా అరచేతిలో పట్టే చీటీ కావాలి. ఈ పిల్ల అక్షరాలా అదే చేసింది. లావుపాటి ఆర్గానిక్ కెమిస్ట్రీ నోట్సు పల్చబడి, పల్చబడి, బాణాలూ ఫార్ములాలూ తప్ప మాటే లేని చీటీలైంది. దాని నోట్లో మాటా అలాగే తగ్గింది. కూర ఎలా ఉందే అంటే తలాడించేది. అదంతా చదువేనని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. మిక్సీ బందు. మా ఆయనకు తుమ్మొస్తే వీధిలోకి పరుగు. కుక్కరు కూతపెట్టే లోపే నేను స్టవ్వు కట్టేసేదాన్ని. "ర్యాంకు కొట్టేసినట్టేనే!" అని ఫోన్లో మా అక్కకి చెప్పాను కూడాను.

పరీక్ష దగ్గరపడ్డాక ఓ మధ్యాహ్నం మా మరిది ఫోన్ చేశాడు. "వదినా, నానెక్కిన బండి కదిలిపోయాక సూసాను. కొత్తవలస ప్లాట్‌ఫారం మీద మన పిల్ల ఒక్కర్తీ కూకున్నాది. ఎవులితో పంపారు?" మేమెవరితోనూ పంపలేదు. గదిలోనే ఉందనుకుని, చదువు చెడుతుందని గుసగుసలాడుకుంటూ అప్పుడే భోజనాలు చేసి లేచాం! తలుపు తోస్తే గది ఖాళీ. చీటీలన్నీ మంచం మీద వరసగా పేర్చి ఉన్నాయి.

మా ఆయనా నేనూ స్కూటరు మీద కొత్తవలస చేరాం. కొండలెక్కి కిరండూల్ వైపు వెళ్లే బండి ఆలస్యమని మైకులో చెబుతున్నారు. పిల్ల బెంచీ చివర కూర్చుంది. చేతిలో సంచీ కూడా లేదు.

"ఎక్కడికే తల్లీ?" అన్నాను.

"ఆ బండి ఎక్కడిదాకా ఎల్తే అక్కడిదాకా" అంది. నా కొంగు చివర పట్టుకుని, "రాసినకొద్దీ పోతంది పిన్నీ. ఏటీ గుర్తుండట్లేదు. అమ్మకి సెప్పకు" అంది.

దాన్ని గట్టిగా పట్టుకుని భోరుమన్నాను. మేమింకా బెంచీ మీద ఉండగానే ఆ బండి వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది.

ఆ ఏడు దాన్ని పరీక్షకు పంపలేదు. ఇప్పుడు ఎచ్చెర్లలో ఏదో చదువుకుంటోంది, ఫోన్ ఎత్తితే పెట్టనివ్వదు. నేను మాత్రం ఏ స్టేషన్లో నిలబడ్డా, ఆలస్యానికి చింతిస్తున్నామని మైకు అనగానే చుట్టూ జనం విసుక్కుంటుంటే మనసులో దండం పెట్టుకుంటాను. ఆ రోజు బండి వేళకే వచ్చి ఉంటే, మా ఇంట్లో ఇప్పటికీ ఖాళీ గది ముందు నిలబడ్డ ఆ మధ్యాహ్నమే ఉండేది.