ఆకుపచ్చ బటనుకు బొట్టు

ఉదయగిరిలో మేము చెక్క గరిటెలు చేస్తాం. నర్ది చెక్కను గరిటె ఆకారంలో కోసే మిషను మా వసారాలో ఉంది. దాన్ని నడిపేది నేను. ఆ మిషను స్విచ్చికి నా మీద ఏం పగో కానీ, శనివారం వచ్చిందంటే చాలు, పచ్చ బటను ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు.

ఆత్మకూరు నుంచి మెకానిక్ వచ్చి, "వోల్టేజి సరిగా లేక కాలిపోతుండాది" అని పాతది పీకి పారేసి, కొత్తది బిగించి పోయేవాడు. వారం తిరిగేసరికి మళ్లీ అదే కథ. నాయనకు విసుగొచ్చింది.

"ఈ దరిద్రపు మిషను మనకు అచ్చిరాలేదు. ఇంకోసారి ఆగిందంటే వింజమూరోళ్లకు అమ్మేస్తా" అన్నాడు.

అది పోతే నాకు మళ్లీ చేతిరంపమే, మళ్లీ భుజాల నొప్పులే.

మా అవ్వ, అంటే నాయన తల్లి, ప్రతి శుక్రవారం మిషనుకు పసుపూ కుంకుమా పెడుతుంది. మిషను మొరాయించిన కొద్దీ ఆమె పూజ పెంచింది. ఆ శుక్రవారం పొద్దున నేను చూద్దును కదా, పసుపు నీళ్లలో కలిపి పచ్చ బటను మీద ధారాళంగా మెత్తుతోంది! ఆ నీళ్లన్నీ బటను చుట్టూ సందులోంచి లోపలికి దిగుతున్నాయి. అవ్వ అటు వెళ్లగానే మెయిను ఆపి మూత విప్పాను. ఓరి దేవుడో! లోపల పసుపూ రంపంపొట్టూ కలిసి ముద్ద కట్టి ఉన్నాయి.

ఇప్పుడు ఆమెకు చెప్పేదెవరు? "నీ పూజ వల్లే" అంటే అన్నం మానేసి, అలిగి మర్రిపాడులో చెల్లెలింటికి పోయి కూర్చుంటుంది. అందుకని ముద్దంతా గీకి, ఆరబెట్టి, స్విచ్చికి రేకు మూత వేశాను. నర్ది చెక్కతో గుండ్రటి బటనొకటి చెక్కి, పచ్చరంగు పూసి, మిషను బల్లకు బిగించాను.

"అవ్వా, బటను చోటు మార్చినాం. ఇంక బొట్టు దీనికే పెట్టు" అన్నాను, నవ్వు బిగబట్టుకుని.

శనివారం మిషను ఒక్క నొక్కుకే గుర్రుమంది. ఆ తర్వాతి శనివారం కూడా. నాయన ముఖం వెలిగిపోయింది.

"చూసినావా, మా అమ్మ పూజ మహిమ! మిషను ఎవురికీ ఇచ్చేది లేదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కోపమంతా చెక్క మీద చూపిస్తూ గరిటెలు కోశాను.

మరుసటి శుక్రవారం అవ్వ చెక్క బటనుకు బొట్టు పెట్టి, దాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కి చూసింది. నాయన అటు తిరిగి ఉన్నాడో లేదో చూసుకుని, నా చెవి దగ్గరికి వచ్చింది.

"మే పిల్లా, రంగు బాగా కుదిరింది. నీళ్లు పడితే పోదు గదా? మీ నాయన చూస్తే నా పూజ పరువు పోతాది."