ముల్లుకు బొట్టు

ఆ రోజుల్లో మా ఇంట్లో నడవడానికి కూడా వేళ చూసుకోవాల్సి వచ్చేది. మరీ పాతకాలం అనుకోకండి, అప్పటికే అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, వేలు పెడితే పాట వచ్చేది. అలాంటి కాలంలో నేను పెద్దమందడి నుంచి గద్వాలకు కోడలిగా వచ్చి, పట్టీలు విప్పి దాచిపెట్టి, పిల్లిలా నడవడం నేర్చుకున్నాను. కారణం మా బావ, అంటే మా ఆయనకు అన్న. పత్తి విత్తనాల బేరంలో ఎవరికీ లొంగని మనిషి, ముందుగదిలో ఒక రికార్డు ప్లేయరు పెట్టుకుని దానికి బాలింతకు చేసినట్టు సేవలు చేసేవారు. నేను కాస్త గట్టిగా అడుగేస్తే తిరిగే రికార్డు మీద ముల్లు ఎగిరేదట. "అమ్మా, జర మెల్లగ నడువు. మెషీను అదురుతున్నది," అని లోపలి నుంచి వినిపించేది. (అప్పుడు నేను ఇప్పటిలో సగం కూడా లేను. పుట్టింట్లో నా బరువు గురించి ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.)

ఆ ప్లేయరు ఒక్కనాటితో తయారైంది కాదు. మొదట మామూలుదే కొన్నారు. రికార్డును తిప్పే పళ్లెం తేలికగా ఉందని బరువైనది తెప్పించారు. పళ్లెం బరువెక్కాక బల్ల అదురుతోందని నల్లరాతి బండ కోయించి కింద వేయించారు. బండ వేశాక సమంగా లేదని మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, మూలల్లో కాగితం ముక్కలు దోపుతూ మధ్యాహ్నమంతా ఆ గాలిబుడగను నడుమకు తోలారు. రోజూ చిన్న కుంచెతో ముల్లు తుడవడం, అది రికార్డు మీద ఎంత బరువు మోపుతోందో కంసాలి త్రాసులాంటి దానితో తూచడం. చివరికి బెంగళూరు నుంచి కొత్త ముల్లు వచ్చింది. ఆవగింజలో సగం లేదు. చూడమని బావ భూతద్దం చేతికిస్తే, నాకు అందులో ఏమీ కనిపించక, "మంచిగున్నది బావా," అన్నాను అద్దం గురించే.

విచిత్రమేమిటంటే, మెషీను గొప్పదవుతున్నకొద్దీ దాని మీద పెట్టదగిన రికార్డులు తగ్గిపోయాయి. దుమ్ము పట్టినవి పోయాయి, గీతలు పడ్డవి పోయాయి, అరిగినవి పోయాయి. ఆఖరికి మెషీను సరిగ్గా ఉందో లేదో చూసుకునే రికార్డు ఒక్కటే మిగిలింది. అందులో పాట లేదు, మాట లేదు, 'కూ' అని ఒకటే మోత. చుట్టాలు వస్తే కూర్చోబెట్టి బావ అదే వినిపించేవారు. వాళ్లు చాయ్ తాగుతూ తలలూపేవారు. మా చిన్నాయన ఒక్కడే ఉండబట్టలేక, "రైలు ఎప్పుడొస్తది అల్లుడా?" అని అడిగాడు.

అత్తమ్మకు కావలసింది మాత్రం వేరే. మామ నా పెళ్లికి ముందే పోయారు. ఆయన కొత్త కాపురంలో రాయచూరులో కొని తెచ్చిన నాటక పద్యాల రికార్డు ఒకటి ఆమె బీరువాలో చీరల మధ్య ఉండేది. కొడుకు ప్లేయరు కొన్ననాటి నుంచి దాన్ని ఒక్కసారి వినాలని ఆమె ఆశ.

"పెద్దోడా, మీ నాయిన రికార్డు ఒక్కపారి పెట్టరాదురా."

"బండ రానీయే అమ్మా."

బండ వచ్చింది. "కొత్త ముల్లు రానీయే." అదీ వచ్చింది.

"దాని మీద గీత ఉన్నదమ్మా. గా గీతల పడితే ముల్లు ఖరాబైతది."

"మరి పాత ముల్లు ఉన్నప్పుడన్న పెట్టకపోతివి."

"అప్పుడు మెషీను బాగలేకుండె."

అత్తమ్మ వంటింట్లోకి వచ్చి, చింతపండు పిసుకుతూ, "మెషీను బాగయ్యేసరికి నా రికార్డు ఖరాబైంది పిల్లా," అన్నది. అంతే, మళ్లీ ఆ మాటెత్తలేదు.

దసరా వచ్చింది. బావ దుకాణంలో పూజకు పోయారు. ఇంట్లో పనిముట్లకు పూజ మా వంతు. మామ పోయిన నాటి నుంచి అత్తమ్మ బొట్లు పెట్టదు, పెట్టిస్తుంది. కత్తిపీటకు, కుట్టుమిషనుకు, గ్రైండరుకు, మా ఆయన బండికి అయ్యాక ఆమె ముందుగదిలోకి నడిచింది.

"అత్తమ్మా, దాన్ని ముట్టొద్దన్నడు గదా బావ."

"పండుగనాడు అన్నిటికీ పెట్టి దీన్నొక్కదాన్నే ఇడుస్తమా?"

"మరి యాడ పెట్టాలె? దీని ముఖం యాడున్నదో తెల్వదు."

"నాగలికి యాడ పెడ్తం? పట్టుకునే మేడికి పెడ్తమా, దున్నే కర్రుకు పెడ్తమా?"

"కర్రుకు."

"మరింకేంది? పనిచేసేదానికే పెట్టు."

రైతు బిడ్డను, ఇంతకన్నా న్యాయమైన మాట నాకు తోచలేదు. తడి పసుపు అద్ది, దాని మీద కుంకుమ పెట్టాను. ఆవగింజలో సగం లేని ముల్లుకు శనగగింజంత బొట్టు. చాలా అందంగా ఉంది కూడా.

సాయంత్రం బావ జమ్మి ఆకు పట్టుకుని వచ్చి, తల్లి కాళ్లు మొక్కి, ప్లేయరు మూత ఎత్తారు. వంగి చూశారు. "ఎవరు పెట్టిన్రు?" అన్నారు. నా వేలు ఇంకా పచ్చగానే ఉంది.

"ఇంటి కోడలు పెట్టింది," అన్నది అత్తమ్మ. "పండుగపూట ఆమెనేం అనకు."

కుంచెతో తుడవబోతే ఎండిన పసుపుతో పాటు ముల్లూ ఊడి వచ్చింది. బెంగళూరు వాళ్లు బాగుచేయడానికి చాలా కాలం పడుతుందన్నారు. కొన్నాళ్లు బావ ఆ గదిలోకి అడుగే పెట్టలేదు. తర్వాత ఉండలేక, మూలన పడేసిన పాత ముల్లు వెతికి బిగించారు. "గీ మొద్దుదానికి ఏ రికార్డు పెట్టినా ఒకటే," అన్నారు విసుగ్గా. ఆ మాట పూర్తి కాకముందే లోపల బీరువా తలుపు చప్పుడైంది.

ముందు వేరుశనగలు వేయిస్తున్నట్టు చిటపట. తర్వాత పద్యం లేచింది. మంచి రాగం మీద ఉండగా గీత దగ్గర ముల్లు చిక్కుకుని, అదే ముక్క మళ్లీ మళ్లీ పాడసాగింది. బావ తట్టబోయారు.

"మీ నాయిన గిక్కడ్నే లేచి తట్టేటోడు," అన్నది అత్తమ్మ. "ఉండనీరా. జరసేపు గట్లనే తిరగనీ."

బావ చెయ్యి వెనక్కి తీసుకుని ఆమె పక్కన నేల మీద కూర్చున్నారు.

కర్రు మాట ఆమె తెలిసే అన్నదా, తెలియక అన్నదా అని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడామె లేదు. దసరాకు బావే నన్ను పిలిచి, బొట్టు ఎక్కడ పెట్టాలో బండ మీద వేలుతో చూపిస్తారు. నేను నిజంగానే బరువెక్కాను, పట్టీలూ పెట్టుకుంటున్నాను. అడుగేస్తే ముల్లు ఎగురుతుంది. "ఏం కాదమ్మా, నడువు," అంటారు బావ. ఆ మాట విన్నప్పుడే, ఎందుకో, వెనకటి కొత్తకోడలిలా కొంగు దోపుకుని పిల్లిలా నడవాలనిపిస్తుంది.