సొరపూల పెళ్లిపెద్ద

సీతారామాంజనేయులు గారికి ఉన్న పిచ్చి ఒక్కటే. ఎవరి బాల్కనీలోనైనా సొరపాదు కనిపిస్తే చాలు, దాని పూలకు పెళ్లి చేసేదాకా ఆయనకు ముద్ద దిగదు. విద్యుత్ శాఖలో రిటైరై, మాదాపూర్‌లో ఎనిమిదో అంతస్తున స్థిరపడ్డ ఆయన, సొరపూలు విచ్చుకునే సాయంత్రం అయిదున్నరకల్లా చొక్కా జేబులో నాలుగు మగపువ్వులతో లిఫ్టెక్కుతారు. అవి తీసుకెళ్లి ఇంటింటి ఆడపువ్వులకూ పుప్పొడి అద్దివస్తారు.

అసలు తప్పు ఆయనది కాదు. అసోసియేషన్ పెద్దలు తేనెపట్టు కనిపిస్తే పొగబెట్టిస్తారు. ఆనక మా పాదు కాయడం లేదని గ్రూపులో ఏడుపు బొమ్మలు పెడతారు. తేనెటీగ పని ఈయన నెత్తినేసుకుంటే అదీ నేరమే.

"లిఫ్టులోకి పువ్వులు తేవద్దని బోర్డు పెట్టాం కదా అంకుల్!" అన్నాడు కార్యదర్శి రవికిరణ్.

"నేను చదివానండీ. పువ్వులకే, పాపం, చదువు రాదు."

నెల రోజులుగా ఆయన దండయాత్ర ఏడో అంతస్తు నీహారిక మీద సాగుతోంది. సాఫ్ట్‌వేర్ టెస్టింగు ఉద్యోగం ఊడిందని ఆమె కన్నతల్లికి కూడా చెప్పలేదు. ఇల్లు తుడిచే చంద్రమ్మతో ఇంటినుంచే పని అని అబద్ధమాడింది. తలుపేసుకుని ఏడవడం, పాదుకు నీళ్లు పోయడం, ఇవే ఆమె ఉద్యోగాలు. మధ్యలో ఈయన బెల్లొకటి.

"అమ్మా, ముహూర్తం దాటిపోతోంది!"

పువ్వుకు పువ్వు రాసి, కాఫీ తాగి, ఆమె ఏం పని చేస్తుందో, మధ్యాహ్నం ఏం తిన్నదో కూపీ లాగి గానీ కదిలేవారు కాదు. నెలలో ముప్పై పెళ్లిళ్లు జరిగినా ఒక్క పిందె పడలేదు. ఇంత చేతకాని పెళ్లిపెద్దను నీహారిక ఎక్కడా చూడలేదు.

ఒకనాడు చంద్రమ్మ పాదు చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఏందమ్మా గిది? ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటది. గివన్నీ మగపువ్వులే! ఇగ కాయ యాడికెళ్లి వస్తది? ఆ సారుకు గింత తెల్వదా?"

ఆ సాయంత్రం నీహారిక ఆయన్ను గుమ్మంలోనే నిలదీసింది. "పెళ్లికూతురే లేదట కదా అంకుల్! నెల్లాళ్లుగా ఎవరికి చేస్తున్నారు పెళ్లి?"

ఆయన దొరికిపోయిన దొంగలా జేబులోని పువ్వులు బయటపెట్టారు. "తీగ తల తుంచితే పక్క కొమ్మలేసి, వాటికి ఆడపువ్వులు పూసేవమ్మా. పూస్తే నా పనైపోతుంది. మళ్లీ నువ్వు తలుపు తీస్తావా?"

"తీయకపోతే మీకేం?"

"మా బాల్కనీలోంచి చూస్తూనే ఉన్నాను. నెల కిందటిదాకా నీ పాదు నీళ్లు లేక వేలాడేది. ఇప్పుడు నీళ్లెక్కువై ఆకులు పసుపెక్కాయి. మాదాపూర్‌లో ఉద్యోగం ఉన్నవాళ్ల మొక్క ఎండుతుంది తల్లీ, కుళ్లదు."

నీహారికకు ఏడుపొచ్చింది. దాన్ని తోసుకుంటూ నవ్వొచ్చింది.

"పదో అంతస్తు ప్రియాంక లేదూ? మగపువ్వు కోసం వెళ్లినప్పుడల్లా నీ ఉద్యోగం కోసం ఆ పిల్లను వేధించాను. వాళ్లాఫీసులో టెస్టింగు వాళ్లు కావాలిట. రేపు పదింటికి రమ్మంది. మొహం కడుక్కో."

ఉద్యోగంలో చేరిన పదిహేను రోజులకల్లా నీహారిక పాదు నీళ్లు లేక నిలువునా వాడిపోయింది. పైనుంచి అది చూసి, సీతారామాంజనేయులు గారు సంతోషం పట్టలేక అంతస్తంతా మిఠాయి పంచారు.