తలుపు పక్కన దగ్గు

ముందు దగ్గు వినపడుతుంది. జబ్బు దగ్గు కాదు, పొగ దగ్గు కాదు, మెత్తటి గుడ్డలో చుట్టి తెచ్చినట్టుండే చిన్న దగ్గు. మెట్ల మలుపులో ఒకసారి, గుమ్మానికి కాస్త ఇవతల ఇంకోసారి. ఆ తర్వాతే మనిషి: వెడల్పాటి భుజాలు, నెరిసిన మీసం, చేతిలో టోపీ. ఆ హెడ్ కానిస్టేబుల్‌ని పేరు పెట్టి పిలిచేవాళ్లు స్టేషన్‌లో కూడా తక్కువే. వీధి మొత్తానికీ ఆయన దగ్గు బాబాయ్. దొంగలకి ముందుగా కబురు పెట్టే పోలీసు లోకంలో మా ఆయనొక్కడేనని భార్య వచ్చిన చుట్టాలందరికీ చెప్పి నవ్వుతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంట్లో దొంగలు పడ్డారని ఫిర్యాదు ఇచ్చిన ఓ ముసలమ్మ దగ్గరికి ఆయన పిల్లిలా వెళ్లాడు. వంటగదిలో వెనగ్గా నిలబడి 'అమ్మా' అన్నాడు. ఆవిడ చేతిలో మరుగుతున్న నీళ్ల గిన్నె ఉంది. ఆ నీళ్లు పడ్డ మచ్చ ఇప్పటికీ ఎడమ భుజం మీద, మబ్బు వెళ్లిపోయినా మిగిలిపోయిన నీడలా ఉంటుంది. ఆయనకి కోపం రాలేదు. దొంగలా వెళ్లాను, దొంగకి జరిగే మర్యాదే జరిగింది అనుకున్నాడు. ఉలిక్కిపడ్డ మనిషి చేతిలో ఏదున్నా ఆయుధమేనని ఆ రోజు ఒంటికి తెలిసింది. దగ్గు అప్పుడు పుట్టింది.

అయితే దగ్గాక ఆయన నేరుగా గుమ్మానికి ఎదురుగా వెళ్లి నిలబడేవాడు. ముఖం కనిపిస్తే జనం చల్లబడతారని ఆయన నమ్మకం. కొత్తగా వచ్చిన ఎస్సై, ఆయన కూతురి ఈడు పిల్ల, ఇది చూసి ఊరుకోలేదు. దగ్గొద్దనను బాబాయ్, కానీ పక్కన నిలబడి దగ్గండి, అనేది. గోడ అడ్డం ఉంటే మీరు నిదానంగా ఆలోచించొచ్చు, లోపలివాళ్లకీ టైమివ్వొచ్చు, అనేది. ఆయన సరే మేడమ్ అనేవాడు, మళ్లీ ఎదురుగానే నిలబడేవాడు. అలవాటు ముసలి చుట్టంలాంటిది, ఒకసారి మంచం ఎక్కితే దిగదు.

ఒక మధ్యాహ్నం స్టేషన్‌కి ఫోనొచ్చింది. పక్క సందులో టైలరు కత్తి పట్టుకుని తమ్ముణ్ణి తరిమాడట, కొట్లో దూరి షట్టర్ సగానికి దించేశాడట. వీళ్లు వెళ్లేసరికి సందు నిండా జనం. తమ్ముడు గోడకి ఆనుకుని రొప్పుతున్నాడు. రెడీమేడ్ బట్టల కొట్టు పెడదామని, అన్నకి మాటైనా చెప్పకుండా కుట్టు మిషను ఎత్తుకెళ్లడానికి మనుషుల్ని తెచ్చాడు. అది వాళ్ల నాన్న బట్టలు కుట్టిన మిషను. ఫోన్ చేసిన టీకొట్టావిడ తల బాదుకుంటోంది, నేను కత్తెరన్నాను, కత్తి అని రాసుకున్నదెవరు అని.

ఎస్సై ఆయన వైపు చూసింది.

"కత్తెరకి రెండు కత్తులుంటాయి మేడమ్," అన్నాడాయన.

ఆవిడ జనాన్ని సందు చివరిదాకా జరిపింది. ఆయన దగ్గుతూ, కాళ్లకి అలవాటైన దారిన షట్టర్ ముందుకే నడిచాడు. ఎస్సై ఆయన మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. లాగిన మరుక్షణం షట్టర్ కిందనుంచి ఇస్త్రీ పెట్టె దూసుకొచ్చి, ఆయన మోకాళ్లుండాల్సిన గాలిని చీల్చుకుంటూ రోడ్డు మీద పడింది. ఆయన దాన్నీ, తన మోకాళ్లనీ మార్చి మార్చి చూసుకున్నాడు.

గోడ వెనక నుంచి వంగి చూస్తే, నీడలో టైలరు పాదాలు, ఇంకాస్త వంగితే గుండెకి హత్తుకున్న కత్తెర, ముఖం కనిపించాయి. మిషను ముందు కూర్చుని ఉత్తినే తొక్కుతున్నాడు. బట్ట లేదు. చక్రం మాత్రం నిద్ర పట్టని మనసులా తిరుగుతోంది.

"కత్తెర కింద పడెయ్," అని ఎస్సై గట్టిగా చెప్పింది.

మిషను ఆగింది. కత్తెర మాత్రం గుండెకి ఇంకా దగ్గరగా వెళ్లింది. ఆవిడ మళ్లీ చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆవిడ చెయ్యి నడుం దగ్గరి పిస్తోలు మీదకి వెళ్లింది. ఇంకోసారి కాదంటే లోపల ఒక మనిషి ఉండడు.

హెడ్ కానిస్టేబుల్‌కి ఇల్లు గుర్తొచ్చింది. కూతురు చిన్నప్పుడు వాళ్లమ్మ కత్తెరని కింద జారవిడిస్తే ఇంట్లో పొద్దుపోయేదాకా అదే గొడవ. కింద పడ్డ కత్తెరకి నోరు వంకర పోతుంది, మళ్లీ బట్ట నమలడమే తప్ప కొయ్యదు.

ఆయన గోడ పక్కనే నిలబడి దగ్గాడు.

"పడెయ్యొద్దు నాయనా. బల్ల మీద పెట్టు. మెల్లిగా పెట్టు."

 లోపల చెక్క మీద ఇనుము ఆనిన చప్పుడు, పడుకున్న పాప పక్కన గాజుల చెయ్యి ఆనించినంత మెత్తగా.

"నా ప్యాంటు నీ దగ్గరే ఉంది," అన్నాడాయన. "రెండు వేళ్లు వదులు చెయ్యమన్నాను. దాని సంగతేంటి?"

లోపల్నుంచి ముక్కు ఎగబీలుస్తూ గొంతు వచ్చింది. "రెండు చాలవు బాబాయ్. నీ పొట్ట నువ్వు చూసుకోవు."

సందు చివర ఎవరో నవ్వారు. చేతులు కనిపించేలా బయటికి రమ్మని ఎస్సై ఈసారి మామూలు గొంతుతో చెప్పింది. అతను వచ్చాడు. స్టేషన్‌లో తిట్లూ జరిగాయి, టీలూ జరిగాయి. అన్న సంతకం లేకుండా కొట్లో సూది కూడా కదపనని తమ్ముడు ఒప్పుకున్నాడు.

వెనక్కి వస్తుంటే, భయం వెయ్యలేదా అని ఎస్సై అడిగింది. వేసింది మేడమ్, అన్నాడాయన. కాకపోతే లోపలివాడి భయం నాదానికన్నా బరువని తూచుకున్నాను.

"నా తక్కెట్లో ముందు మీరున్నారు బాబాయ్."

"అందుకే నా మోకాళ్లు నాకున్నాయి," అన్నాడాయన.

ఆ రోజు నుంచి ఆయన పక్కన నిలబడే దగ్గుతున్నాడు. ఎస్సై కూడా ఏ తలుపు దగ్గరైనా ముందు గొంతు సవరించుకుంటోంది. స్టేషన్‌కి జలుబు చేసిందని కుర్ర కానిస్టేబుళ్లు ఏడిపిస్తుంటారు.

ఇదంతా విని రాసుకోవడానికి వచ్చిన మనిషిని ఆయన మెట్ల దాకా సాగనంపాడు. నడుం దగ్గర బెల్టు సర్దుకుని, కాస్త చిరాగ్గా, బోలెడు తృప్తిగా చెప్పాడు:

"నాలుగు వేళ్లు వదులు చేశాడండీ, దొంగ వెధవ. సరిగ్గా సరిపోయింది."