డ్రిల్లు మాస్టారి ప్రశాంతత

రామచంద్రపురం దగ్గర ఓ హైస్కూల్లో నేను తెలుగు చెప్పే రోజుల్లో, మా డ్రిల్లు మాస్టారిని మెడలో ఈల లేకుండా ఎవరూ చూసి ఎరగరు. పెళ్ళి భోజనాల్లోనూ అది వేలాడుతూనే ఉండేది.

యాభై దాటాక ఆయనకు బీపీ వచ్చింది. "వాలీబాల్ మానేయండి. గెలుపోటములు లేని పనేదైనా చూసుకోండి" అన్నారు డాక్టరు గారు. ఆదివారాలు నేను కాలువ గట్టున గాలం వేస్తానని తెలిసి, ఆయనా కొత్త గాలంతో వచ్చి పక్కన కూర్చున్నారు.

మొదటి వారం నాకు రెండు జెల్లలు పడ్డాయి. ఆయనకు ఒక్క చేపా పడలేదు. రెండో వారానికల్లా ఆట మార్చేశారు.

"చేపలు ముఖ్యం కాదండీ. ఎవరు ఎక్కువసేపు ప్రశాంతంగా కూర్చున్నారన్నదే చూడాలి."

ఇక నేను దోమను కొట్టుకుంటే చాలు, ఈల మోగేది. "కదిలారండీ మాస్టారూ! పాయింటు నాది!"

వేసవి మరమ్మతులకు కాలువలు కట్టేశారు. హమ్మయ్య అనుకున్నాను. ఆ ఆదివారం పొద్దున్నే ఆయన గాలం భుజాన వేసుకుని మా గుమ్మంలో నిలబడ్డారు.

"కాలవలో నీళ్ళు లేవు కదండీ" అన్నాను.

"నీళ్ళతో మనకి పనేంటండీ? మీరు రాకపోతే నేనెవరికంటే ప్రశాంతంగా ఉండాలి?"

ఎండిన కాలువలోకి గాలాలు వేసి కూర్చున్నాం. ఆయన ముక్కు మీద ఈగ వాలింది. కదలకూడదని బిగబట్టి ఎర్రబడిపోతున్న ఆ మొహం చూస్తే నాకు బీపీ సంగతి గుర్తొచ్చింది. కావాలనే వీపు గోక్కున్నాను.

ఈల మోగింది. అంత ప్రశాంతమైన మొహం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.