బోధన్ అక్క తప్పులు

జిల్లా బడుల్లో కంప్యూటర్లు చూసే మేమంతా నెలకోసారి నిజామాబాద్‌లో కలిసేవాళ్లం. చాయ్ రాకముందే బోధన్ నుంచి వచ్చే అక్క లేచి, ఆ నెల తాను చేసిన తప్పు చెప్పేది. ఆ తర్వాతే మాకు నోరు పెగిలేది. ఒక్క మనిషి ఇన్ని తప్పులెలా చేస్తుందా అనుకునేవాణ్ని.

ఓసారి నేను డిజిటల్ బోర్డుకు పాస్‌వర్డ్ పెట్టి మర్చిపోయాను. పరువు పోతుందని, ఎవరో మిత్రుడి కోసమన్నట్టు మా అందరి వాట్సాప్ గ్రూపులో ఉపాయం అడిగాను. ఎవరూ పలకలేదు.

ఆ నెల అక్క లేచింది. "బోర్డు పాస్‌వర్డ్ మర్చిపోయిన. వారం సంది పిల్లలు నల్ల తెరనే సూస్తుండ్రు."

అందరూ నవ్వారు. "నాది గూడ గదే, అక్కా!" అనేశాను. నలుగురూ కలిసి ఉపాయం చెప్పారు.

తిరుగు బస్సులో అడిగాను. "మీ బోర్డు ఎప్పుడు ఠీక్ జేస్తవ్, అక్కా?"

ఆమె నా చేతిలో పల్లీలు పోసింది. "మా బడికి ఇంకా బోర్డే రాలే, తమ్మీ."