బోణీ మామయ్య, బండి ఱ

మా మామయ్య బోణీ చేసిన గోల్ఫ్ సామాను రెండోది అమ్ముడుపోదు. ఇది నేను కోపంలో అంటున్న మాట కాదు. గోల్ఫ్ కర్రలూ బంతులూ తయారుచేసే మా కంపెనీ రికార్డుల్లో ఉన్న సత్యం. కొత్త సరుకు విడుదలైన ప్రతిసారీ అందరికంటే ముందు ఆయనే కొంటాడు. ఆ తరవాత నరమానవుడు కొనడు. నేను ఉద్యోగంలో చేరిన ఆరేళ్ళలో మూడు విడుదలలు, మూడు బోణీలు, మూడు చావులు. అమ్మకాల వాళ్ళు ఆయనకి బోణీ మామయ్య అని పేరు పెట్టారు. ఆయన మా అమ్మకి తమ్ముడు, కాబట్టి నాకు మామయ్య. మిగతా ఆఫీసంతటికీ ఆ వరస ఎలా కుదిరిందో నాకు తెలీదు.

పోనీ గోల్ఫ్ పిచ్చి అనుకుందామా అంటే ఆయనకి ఆడటం రాదు. పోస్టాఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. పొడుగ్గా, సన్నగా, ఎండాకాలంలో కూడా బూడిదరంగు వానకోటు వేసుకుని తిరుగుతాడు. నడిస్తే చప్పుడు కాదు. విడుదల రోజున వాచ్‌మన్ హాలు తలుపు తీసేసరికి మొదటి వరసలో కూర్చుని ఉంటాడు.

"ఎలా వచ్చారు సార్ లోపలికి?" అని వణుకుతూ అడిగేవాడు వాచ్‌మన్.

"తలుపు తీసే ఉంది నాయనా."

"తాళంచెవి నా జేబులో ఉంది సార్!"

"జాగ్రత్తగా పెట్టుకో మరి," అనేవాడు మామయ్య.

మూడో విడుదల తరవాత వాచ్‌మన్ మెడలో ఒక తాయెత్తు వెలిసింది.

ఇక ఆ సరుకుల సంగతి. మూడూ మా మేస్త్రీ బుర్రలో పుట్టినవే. గోడౌను చివర రిపేరు బల్ల దగ్గర ముప్ఫయ్యేళ్ళుగా కూర్చున్న ముసలాయన ఆయన. విరిగిన కర్రలు అతికిస్తూ, మధ్యమధ్య కొత్తవి కనిపెడుతూ ఉంటాడు. ఆయన చేసిన ప్రతి వస్తువూ అనుకున్నట్టు పనిచేస్తుంది. అదే దానికి పట్టిన శని.

మొదటిది డ్రైవర్, అంటే బంతిని దూరంగా కొట్టే పెద్ద కర్ర. గాలి అడ్డుపడకూడదని దాని తలకాయకి చిన్న బెజ్జం వేశాడు. కర్ర ఊపగానే ఆ బెజ్జంలోంచి "ఓయ్" అని వినిపించేది. ఆడేవాడు ఆగి వెనక్కి చూసేవాడు. ఎవరూ ఉండేవారు కాదు. మళ్ళీ ఊపేవాడు. "ఓయ్." మూడోసారి ఊపిన వాణ్ణి నేను చూడలేదు.

రెండోది పటర్, బంతిని మెల్లగా గుంటలోకి తోసే కర్ర. గురి కుదరడానికి దాని మీద చిన్న అద్దం అతికించాడు. వంగి అద్దంలోకి చూసిన ప్రతివాడికీ తన వెనకాల, తెర సందులో, రెండు కళ్ళు కనిపించాయి. ఆ రోజు హాలు ఖాళీ అవడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

మూడోది కర్రల సంచీ మోసే బండి. నడుముకి బిళ్ళ తగిలించుకుంటే చాలు, కుక్కపిల్లలా వెంట వస్తుంది. ఆ బిళ్ళ పొరపాటున మా పెద్దసారు కోటు జేబులో పడింది. బండి ఆయన వెంట మెట్లెక్కింది, బాత్రూము బయట కాపలా కాసింది, సాయంత్రం ఇంటిదాకా వెళ్ళింది. మర్నాడు పొద్దున్న ఆయన గేటు తీస్తే మంచుతో తడిసి ఎదురుచూస్తోంది. ఆయన భార్య పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఈ మూడింటినీ ఒక్కొక్కటే కొని, చంకలో పెట్టుకునో వెంట నడిపించుకునో, నవ్వుకుంటూ ఇంటికెళ్ళాడు మా మామయ్య.

నా పని ఫిర్యాదుల విభాగంలో. అసలు ఒళ్ళు జలదరించే సంగతి అక్కడే మొదలైంది. అద్దం పటర్ అమ్ముడైంది ఒక్కటి. దాని మీద ఫిర్యాదు చేసింది పదకొండు మంది! మిగతా రెండిటి మీదా ఇదే వరస. ఒక్కో ఉత్తరం ఒక్కో ఊరి ముద్రతో వచ్చేది. "అయ్యా, నేను పళ్ళ డాక్టరును. మీ కఱ్ఱ అద్దంలో నా వెనక ఎవరో నిలబడుతున్నారు. కాస్త పక్కకి జరగమని చెప్పగలరు." "నేను ముగ్గురు పిల్లల తల్లిని. మీ కఱ్ఱల బండి నా వెంట వంటింట్లోకి వస్తోంది. వస్తే వచ్చింది, ఒక పని చెయ్యదు." పేర్లు వేరు, ఊళ్ళు వేరు. కానీ అన్ని ఉత్తరాల్లోనూ కర్ర అన్న మాట దగ్గర ఈ కాలంలో ఎవరూ రాయని బండి ఱ ఉండేది. కఱ్ఱ. గుఱ్ఱబ్బండి చక్రాల్లా రెండు ఱలు, ఒకదాని కింద ఒకటి.

నేను మామయ్యకి ఫోన్ చేసి అడిగాను. "ఆ పటర్ ఎవరికైనా ఇచ్చావా మామయ్యా?"

"ఎప్పుడో పొదల్లో పారేశానే అమ్మడూ," అన్నాడు.

ఇంకేముంది! పొదల్లో పారేసిన కర్ర మీద పదకొండు మంది ఫిర్యాదు చేస్తున్నారు. మా విభాగంలో టైపిస్టు ఆ ఉత్తరాలని చేత్తో ముట్టుకోవడం మానేసి చిమ్టాతో పట్టుకునేది. రాత పోల్చి చూడలేదా అంటారేమో. ఫోన్లో మాట్లాడే మనిషి చేతిరాత ఎవరు చూస్తారండీ?

ఉత్తరం వచ్చినప్పుడల్లా నేను మేస్త్రీకి పంపేదాన్ని. ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివి, ఆ తప్పు సరిదిద్దే పనిలో పడేవాడు. మా కంపెనీలో ఒక రూలుంది. ఫిర్యాదు వచ్చిందంటే ఆ సరుకు వాడుకలో ఉన్నట్టు. వాడుకలో ఉన్నంతకాలం రిపేరు బల్ల ఉండాలి. ఒకే మనిషి రెండోసారి రాస్తే మాత్రం చెల్లదు.

ఈ ఏడాది పెద్దసారు ఆ బల్ల మీద కన్నేశారు. పాత సరుకు మూడూ జాబితాలోంచి కొట్టేశారు. "మేస్త్రీ కొత్త బంతి ఒక్కటే మిగిలింది," అన్నారు నాతో. "విడుదలైన పదిహేను రోజుల్లో దాని మీద ఒక్క ఉత్తరమైనా రాకపోతే బల్ల ఎత్తేస్తాను, మేస్త్రీని ఇంటికి పంపుతాను." బండి విషయం ఆయన ఇంకా మరిచిపోలేదు.

మేస్త్రీకి ఇంట్లో ఎవరూ లేరు. ఈ మాట చెప్పినప్పుడు ఆయన తన రెండు చేతులూ చూసుకున్నాడు. "బల్ల తీసేస్తే వీటిని ఎక్కడ పెట్టుకోవాలమ్మాయ్?" అన్నాడు. ఈసారి మామయ్య చెయ్యి పడకూడదని ఆ నిమిషంలోనే ఒట్టు పెట్టుకున్నాను. విడుదల గురువారమైతే ఆయనతో శనివారమని అబద్ధం చెప్పాను.

ఆ బంతి పేరు పలికే బంతి. గడ్డిలో పోయిన బంతి తనే పిలిచి ఎక్కడుందో చెబుతుంది. ఆలోచన బంగారం! మేమంతా మురిసిపోయాం. గొంతు మాత్రం మేస్త్రీదే. జలుబు చేసిన రోజున రికార్డు చేశాడు.

గురువారం పొద్దున్న మైదానం నిండా మంచు. ఇరవై మంది అతిథులు వరసగా నిలబడి ఇరవై బంతులు కొట్టారు. బంతులు మంచులోకి వెళ్ళి మాయమయ్యాయి. అందరూ చెవులు రిక్కించారు.

ఎడమవైపు ఎత్తుగడ్డిలోంచి ఒక ముసలి గొంతు మూలిగింది. "ఇక్కడున్నా..."

కుడివైపునుంచి ఇంకోటి. "నేనిక్కడున్నా..."

తరవాత ఎదురుగా. తరవాత గుంటల్లోంచి, పొదల్లోంచి, నీళ్ళలోంచి. ఇరవై చోట్లనుంచి ఒకే ముసలాయన పిలుస్తున్నాడు. ఒక అతిథి కాఫీ కప్పు కింద పెట్టి, మర్యాదగా నమస్కారం పెట్టి, పరుగు అందుకున్నాడు. ఆయన వెనక పందొమ్మిది మంది. మా అమ్మకాల మేనేజరు "ఇప్పుడే వస్తా"నని వెళ్ళి సోమవారం వచ్చాడు.

మంచులో నేనొక్కదాన్నే మిగిలాను. నా వెనకాల, చెవి పక్కనే, ఎవరో గొంతు సవరించుకున్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"విడుదల ఇవాళేనని మీ గేటు మీద రాసుందిగా. ఒక పెట్టె ఇప్పించవే అమ్మడూ," అన్నాడు మామయ్య. బూడిదరంగు వానకోటు. పక్కన ఆ బండి.

భయమంతా కోపమైపోయింది. "శనివారమని చెప్పానుగా! ఎందుకొచ్చావు? నీ చెయ్యి పడితే ఏదైనా బతికిందా? పాపం, ఆ ముసలాయన బతుకు ఇవాళ్టితో అయిపోయింది. ఇంకెప్పుడూ మా గడప తొక్కకు. ఉత్తరం ముక్క, ఫోను, ఏదీ వద్దు. నీ నీడ కూడా మా కంపెనీ మీద పడనివ్వకు!"

మామయ్య డబ్బులు నా చేతిలో పెట్టి ఒక పెట్టె తీసుకున్నాడు. "సరేలే," అని పెట్టె చంకలో పెట్టుకుని మంచులోకి నడిచాడు. ఆయన కనబడకుండా పోయాక కూడా పెట్టెలోంచి "ఇక్కడున్నా, ఇక్కడున్నా" అని చాలాసేపు వినిపించింది.

ఆ తరవాత రోజూ మేస్త్రీ నా కిటికీ దగ్గరికి వచ్చేవాడు. "ఏమైనా తిట్లొచ్చాయా అమ్మాయ్?"

"ఇంకా రాలేదు మేస్త్రీగారూ."

"వస్తాయిలే. మనవాళ్ళు తిట్టకుండా ఉండరు," అని నాకే ధైర్యం చెప్పి వెళ్ళేవాడు. వారం గడిచింది. పది రోజులయ్యాయి. ఆరేళ్ళలో మొదటిసారి బండి ఱ ఉత్తరాలు ఆగిపోయాయి. దయ్యాలకి కూడా మా మీద విరక్తి పుట్టిందంది టైపిస్టు.

పధ్నాలుగో రోజు పొద్దున్న ఆఫీసుకి వెళ్ళే ముందు మామయ్య ఇంటికి బయల్దేరాను. పెద్దవాణ్ణి అన్ని మాటలన్నానే అని ఒకటే పీకులాట. గేటు తోసేసరికి దానికి వేలాడదీసిన బిళ్ళ ఏదో నా కొంగుకి తగులుకుంది, మంచులోంచి బండి వచ్చి నా ముందు ఆగింది. నేను నడిస్తే నడిచింది, ఆగితే ఆగింది. తలుపు ఓరగా తీసి ఉంది.

"మామయ్యా?"

"ఇక్కడున్నా," అంది బీరువా.

అది మామయ్య గొంతు కాదు. "మామయ్యా, ఎక్కడున్నావు?" అన్నాను కీచుగా.

"నేనిక్కడున్నా," అంది మంచం కింది చీకటి.

ముందుగదిలో గోడ వారన ఆ సామానంతా బారులు తీరి ఉంది, దుమ్ము లేకుండా తుడిచి. పొదల్లో పారేశానన్న అద్దం పటర్ కూడా! వంగి చూశాను. అద్దంలో నా వెనక ఒక పొడుగాటి ఆకారం, నోట్లోంచి తెల్లటి నురగ.

నా కేకకి బీరువాలో బంతులన్నీ ఒక్కసారి పలికాయి.

"పళ్ళు తోముకుంటున్నానే!" అన్నాడు మామయ్య బ్రష్షు తీసి. "అట్లా అరుస్తావేం?"

కుర్చీలో కూలబడ్డాను. ఎదురుగా బల్ల మీద ఏడు రకాల కలాలు, కవర్లు, బస్సు పాసు. గోడకి ఒక కాగితం అంటించి ఉంది. "వాడేసిన పేర్లు: పళ్ళ డాక్టరు. ముగ్గురు పిల్లల తల్లి. రిటైరైన పోలీసు. మిగిలినవి: పెళ్ళికాని లెక్కల మాస్టారు." దాని కింద ఇంకో మాట. "కఱ్ఱ గురించి కాదు, ఈసారి బంతి." రెండు ఱలు, ఒకదాని కింద ఒకటి, గుఱ్ఱబ్బండి చక్రాల్లా.

"నువ్వా!" అన్నాను.

మామయ్య సిగ్గుపడ్డాడు. దొంగతనం పట్టుబడ్డ వాడిలా వానకోటు బొత్తాలు పెట్టుకున్నాడు.

"మొదటిసారి మీ హాలుకి కాఫీ ఊరికే ఇస్తారంటే వచ్చానే. దారి తెలీక గోడౌను వైపు వెనక తలుపులోంచి వెళ్ళాను. అక్కడ తెర వెనకాల ఒకాయన నిలబడి, సందులోంచి హాల్లోకి చూస్తున్నాడు. 'ఒక్కటి, ఒక్కటి పోనీ' అని గొణుక్కుంటున్నాడు. నాకు వీపే కనిపించింది. ఆ వీపు చూశాక ఉత్త చేతులతో ఎలా వస్తాను?"

అద్దంలో కనిపించిన కళ్ళు ఎవరివో నాకప్పుడు తెలిసింది. వాచ్‌మన్ తాయెత్తు కట్టించుకోవాల్సిన అవసరం ఏమీ లేకపోయింది.

"అంటే నువ్వు కొన్నందుకు..."

"నేను కొన్నందుకు చావలేదే పిచ్చిదానా. చచ్చేవాటినే కొన్నాను. ఇంకెవరూ కొనరని చూడగానే తెలుస్తుందిగా. మీ రూలు సంగతి నువ్వే ఒకసారి భోజనాల దగ్గర చెప్పావు."

"మరి మెచ్చుకుంటూ రాయొచ్చుగా? తిట్లెందుకు?"

"మెచ్చుకుంటే ఆయన నమ్ముతాడా? తిడితే నమ్ముతాడు. వాడకుండా ఎవడూ తిట్టడు కదా."

నేను గడియారం చూశాను. "మామయ్యా, పధ్నాలుగు రోజులైంది! బంతి మీద ఎందుకు రాయలేదు?"

"ఉత్తరం ముక్క కూడా వద్దన్నావుగా!" అన్నాడు, ఉక్రోషంగా.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కాగితం ఆయన ముందుకి తోశాను. "తప్పయిపోయింది, చెంపలేసుకుంటున్నా. రాయి. ఇప్పుడే రాయి. ఘాటుగా తిట్టు."

లెక్కల మాస్టారు పేరుతో రాశాడు. "అయ్యా, మీ బంతి గొంతు మరీ చిన్నది. నాకు చెవుడు. ఇంకాస్త గట్టిగా అరవమనండి." దాన్ని నేను ఆఫీసుకి తీసుకెళ్ళి టపాలో కలిపాను. నా ఉద్యోగంలో చేసిన మొదటి మోసం అది. ఏ మాత్రం బాధ అనిపించలేదు.

పెద్దసారు ఉత్తరం మూడుసార్లు చదివి, పళ్ళు కొరికి, బల్ల ఎత్తేసే కాగితం మీద "కొనసాగించవచ్చు" అని రాశారు. మేస్త్రీ కిటికీలోంచి చెయ్యి చాచి ఉత్తరం అందుకున్నాడు. మొహం వెలిగిపోయింది. "చూశావా అమ్మాయ్! గట్టిగా కావాలట! మొత్తం మైదానం వినపడేట్టు చేస్తాను," అని గోడౌను వైపు దాదాపు పరిగెత్తాడు. ఆయన ఇప్పుడు ఇంకోటి మొదలెట్టాడు. తప్పుగా కొడితే వెనకనుంచి భుజం తట్టే చొక్కా.

మొన్న మామయ్యకి ఫోన్ చేసి గట్టిగా చెప్పాను. "పేర్లు మారిస్తే చాలదు. ఆ బండి ఱ మానెయ్. ముగ్గురు పిల్లల తల్లులెవరూ అట్లా రాయరు."

"అలాగేలే," అన్నాడు.

ఇవాళ కొత్త ఉత్తరం వచ్చింది, ఒక ఫొటోగ్రాఫరు నుంచి. అన్నీ మామూలు ర లే, బుద్ధిగా రాశాడు. చివరి వాక్యంలో మాత్రం చెయ్యి ఆగినట్టు లేదు: "మీ బంతి గుఱ్ఱు పెడుతోంది." టైపిస్టు చిమ్టాతో వచ్చేలోపల నేను కలం తీసి ఆ రెండు ఱలూ కొట్టేసి, మామూలు ర రాశాను. నా సొరుగులోంచి జలుబు గొంతు ఒకటి "ఇక్కడున్నా" అంది.

"తెలుసులే," అని సొరుగు మూశాను.